నలభై ఒక్క గుటకలు

నోరు తెరిచి చెప్పే మాట కాదిది, అందుకే రాస్తున్న.
కరెంటు బిల్లు వెనుక, పెన్సిల్‌తో.

నేను చెరువులు తాగుత.
అర్ధరాత్రి దాటి, కుక్కలు సుత అలసిపోయినంక
కట్ట మీద బోర్ల పండుకొని
తూముకు పెదవులు ఆనించి
గుటక గుటక.
తెల్లారేసరికి బురద. వారానికి పగుళ్లు.
నెలకు సున్నం గీతలు, ప్లాటు నంబర్లు.

చెరువు తవ్వించిన రాజుల పేర్లు రాళ్ల మీదున్నయి.
తాగినోని పేరు ఏ రాయి మీదా లేదు.
అత్తాపూర్ల పిల్లర్ నంబర్ నూట ఇరవై ఎనిమిది కాడ
రెండో అంతస్తు ఆఫీసుల
సఫారీ సూటు రఘోత్తమరావు
ఇరానీ చాయ్ సాసర్ల పోసుకుంట
"ఎకరానికెంత?" అని అడిగేటోడు.
పైసలు అడగలే నేను ఎన్నడూ.
"దాహమైతుంది సార్" అన్న, గంతే.
నవ్విండు. ఆ నవ్వుల కొంచెం తడి ఉండె,
అది కూడా తాగిన.

రాక్షసుడంటరు నన్ను. అననీ.
మరి మీ ఇల్లు ఏడుంది?
మీ బాల్కనీల తులసికుండీ కింద
నీటికోళ్లు గుడ్లు పెట్టిన జాగ.
గృహప్రవేశం నాడు పాలు పొంగినయి గద,
పొంగిన తీరు చూసిండ్రా?
కింద నుంచి ఎవరో ఊదినట్టు.
నేను మింగిన.
మీరు మూతి తుడుచుకున్నరు.

జిల్లేడుకుంట మాత్రం అరగలే.
దాని మీద లేచిన అయిదంతస్తుల్లనే కిరాయికుంటున్న,
ఫ్లాట్ నంబర్ నాలుగు వందల మూడు.
రాత్రయితే కడుపుల అలలు.
కప్పలు మొదలువెడితే కింది ఫ్లాటామె
"మీ టీవీ సప్పుడు తగ్గించుండ్రి" అని మెసేజ్ పెడ్తది.

ఆషాఢంల వచ్చింది పెంటమ్మ.
బెస్తోళ్ల ముసలామె, భుజం మీద వల.
సెల్లార్ల స్కూటీల నడుమ నిలబడి
కాంక్రీటు మీదికి విసురుతది.
వాచ్‌మన్ బుచ్చిరాములు మొదట తిట్టిండు.
ఆయిల్ మరకల మీద పరకపిల్లలు ఎగురుతుంటే చూసి
ఆనాటి సంది కుర్చీ వేస్తున్నడు.

కట్టమైసమ్మల కండ్లు గప్పి వచ్చినోణ్ణి,
ఈమెకు భయపడ్డ.
లిఫ్టు ఎక్కుడు బందు చేసిన.
మనిషితో కబురు పంపిన, ఒక ఫ్లాటు ఇప్పిస్తనని.
జవాబు లేదు.

ఆ రాత్రి వానకు కరెంటు పోయింది.
మూడో అంతస్తు మెట్ల మీద ఎదురుపడ్డది.
తిట్టలే. శాపం పెట్టలే.
టార్చి జరంత పక్కకు తిప్పి అడిగింది:
"గా కుంటను ఎన్ని గుటకల్ల తాగినవ్ బిడ్డా?"

ఎకరాలు అడిగిన్రు అందరూ.
పని ఎట్ల చేస్తవని
ఇన్నేండ్లల్ల ఎవరడిగిన్రు నన్ను?
కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నావో, కుంటయో.
"నలభై ఒకటి" అన్న.
"మొదటిది చల్లగుంటది అవ్వా, తామరకాడ వాసన.
పదిహేనోది గొంతుల ఆగింది, వినాయకుని మట్టి చెయ్యి.
ముప్ఫయ్యోదాంట్ల ఎవరిదో కాలి కడెం,
సన్నది, చిన్నపోరిది..."

చెప్తనే ఉన్న. నోరు తెరిచే ఉంది.
ఆమె వల విసిరింది.

చావలే నేను. ఏం కాలే.
మోచేయంత కొర్రమట్టను గుంజింది నా గొంతుల నుంచి.
కొంగుల చుట్టుకొని మెట్లు దిగుకుంట
వెనక్కి చూడకుండనే అన్నది:
"కడెం మా నర్సుబాయిది. రేపు దానికొస్త."

అప్పటి సంది పెదవులు విప్పలే.
సెల్లార్ల చెమ్మ గోడెక్కుతుంది.
బుచ్చిరాములు మోటరు పెట్టి తోడుతున్నడు,
తోడినకొద్దీ పరకపిల్లలు.
ఇప్పుడు తలుపు సందుల టార్చి వెలుగు పడ్డది.
చేతి నిండ నీళ్ల చెంబు పట్టుకొని కూసున్న,
తాగబుద్ధి అయితలేదు.
మూడు దినాల సంది
నాకు దాహం కాలే.